స్క్రాప్‌బుక్ మొదలుపెట్టాలంటే నిజంగా ఏమేం కొనాలి? నాన్న ఫోటోలతో చేస్తున్నాను

కాగితపుపడవ
అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మా నాన్న పోయి ఏడాది అయింది. ఆయన ఫోటోలు ఒక అట్టపెట్టెలో నూట ఇరవై దాకా ఉన్నాయి. కొన్ని ఉత్తరాలు, రైలు టికెట్లు, చదరంగం పోటీలో గెలిచినప్పటి పేపర్ కటింగ్ కూడా ఉన్నాయి. ఇవన్నీ ఒక స్క్రాప్‌బుక్‌గా చేసి అమ్మకు ఇవ్వాలని నా కోరిక.

ఈ పని నాకు కొత్త. వీడియోలు చూస్తే ఒక్కొక్కరి దగ్గర గది నిండా సామాను కనిపిస్తోంది. పంచ్‌లు, స్టాంపులు, కటింగ్ మెషీన్, ఇరవై రకాల గమ్... చూస్తుంటేనే టెన్షన్‌గా ఉంది. నిన్న ఒక పెద్ద కిట్ ఆర్డర్ పెట్టబోయి ఆగిపోయాను. అందులో రెండు వందల స్టిక్కర్లు, ముత్యాలు, రిబ్బన్లు, అంచులు వంకీలుగా కత్తిరించే కత్తెరలు ఆరు ఉన్నాయి. అవన్నీ నిజంగా అవసరమా? ఇవి లేకపోతే పని జరగదు అనేవి ఏవో చెప్పండి, ముందు అవే కొంటాను.

రంగులరాట్నం
స్వాగతం అండి. ఆ కిట్ కొనకుండా ఆగి మంచి పని చేశారు. పదకొండేళ్లుగా ఆల్బమ్‌లు చేస్తున్నాను. మొదటి ఏడాది కొన్న స్టిక్కర్లలో సగం ఇంకా డ్రాయర్‌లోనే ఉన్నాయి. అదే ఏడాది కొన్న పేపర్ కట్టర్ మాత్రం ఇవాళ పొద్దున కూడా వాడాను.

పని మొదలవడానికి ఆల్బమ్, పేజీలకు ప్లాస్టిక్ కవర్లు, కార్డ్‌స్టాక్ అనే మందపాటి కాగితం, కట్టర్, అతికించడానికి ఏదో ఒకటి, రాయడానికి ఒక పెన్ను ఉంటే చాలు. ఆల్బమ్ 12×12 అంగుళాలది తీసుకోండి. 4×6 ఫోటోలు నాలుగు పెట్టినా మీరు రాసుకోవడానికి చోటు మిగులుతుంది. పేపర్లు, కవర్లు ఎక్కువ రకాలు దొరికేది కూడా ఆ సైజులోనే.

పాతపెట్టె
కాగితపుపడవ గారూ, కొనేముందు నాకు మూడు విషయాలు చెప్పండి. మీరు పెట్టబోయేవి అసలు ఫోటోలా, కాపీలా? ఎంత పాతవి? వాటిలో వేరే ప్రింటు, నెగెటివ్ ఏదీ లేనివి ఎన్ని?

నేను పాత పత్రాలు భద్రపరిచే పనిలో ఉన్నాను. అందుకే అందం సంగతి తర్వాత చూస్తాను, ఫోటోకు ఏది తగులుతోందనేదే ముందు అడుగుతాను. ఫోటో కింద ఉండే కాగితం, దాన్ని పట్టి ఉంచే గమ్, పక్కన రాసే సిరా, పైన కప్పే ప్లాస్టిక్. ఏళ్ల తరబడి ఫోటోను అంటిపెట్టుకుని ఉండేవి ఈ నాలుగే. మీ డబ్బు ముందు వీటిమీద పెట్టండి. పేజీకి ఆ చివరన ఉండే రిబ్బన్ ఎలాంటిదైనా ఫోటోకు పెద్దగా హాని ఉండదు. గమ్ చెడ్డదైతే మాత్రం ఫోటోను కాపాడుకోవడం కష్టం.

చిన్నికత్తెర
12×12 విషయంలో నేను రంగులరాట్నం గారితో ఏకీభవించను. అనుభవం ఉన్నవాళ్లకు ఆ సైజు బాగుంటుంది. కొత్తవాళ్లకు అంత పెద్ద ఖాళీ పేజీ చూస్తే చెయ్యి ఆడదు. ఆ ఖాళీ నింపడానికే మళ్లీ స్టిక్కర్లు, పూలు కొంటారు. పైగా 12×12 కాగితం ఇంట్లో ఉండే ప్రింటర్‌లో పట్టదు, మామూలు స్కానర్ మీదా పట్టదు.

నేను ఏ4 రింగ్ ఆల్బమ్ వాడతాను. కాగితం ఎక్కడైనా దొరుకుతుంది. పేజీ వరుస మార్చాలంటే రింగ్ తెరిచి మార్చేయవచ్చు. ఇద్దరు చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో రోజుకు అరగంట దొరికితే ఎక్కువ. అలాగే రెండు ఆల్బమ్‌లు పూర్తి చేశాను.

రంగులరాట్నం
అది నిజమే చిన్నికత్తెర గారూ, పూర్తి కావడం ముఖ్యం. కానీ ఉత్తరాలు ఉన్నాయన్నారు కదా. ఏ4 ఉత్తరం ఏ4 పేజీ మీద పెడితే అంచు వరకూ నిండిపోతుంది, పక్కన ఒక్క మాట రాయడానికీ చోటుండదు. 12×12 పేజీ మీద విప్పి పెట్టవచ్చు. అందుకే చెప్పాను.

కాగితపుపడవ
ఇంత త్వరగా ఇన్ని జవాబులు వస్తాయని అనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు.

పాతపెట్టె గారూ, దాదాపు నలభై ఫోటోలు నలుపు తెలుపువి, నాన్న చదువుకునే రోజులవి. మిగతావి కలర్, వాటిలో చాలా ఎర్రగా మారిపోయాయి. నెగెటివ్‌లు ఒక్కటీ లేవు. అంటే ఉన్నదల్లా ఈ పెట్టెలో ఉన్నదే. అసలువే పెడదామనుకున్నాను. అమ్మ పట్టుకుని చూడాలి కదా.

రెండు కాగితాల ప్యాకెట్లు చూశాను. ఒకదాని మీద యాసిడ్ ఫ్రీ అని ఉంది, ఇంకోదాని మీద ఫోటో సేఫ్ అని ఉంది. రెండూ ఒకటేనా?

పాతపెట్టె
ఒకటి కావండి. దీనికి కాస్త వివరంగా రాయాలి, ఓపికగా చదవండి.

కాగితం చెట్టు నుంచి వస్తుంది. చెట్టులో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. చెట్టు గట్టిగా నిలబడేది దానివల్లే. వార్తాపత్రికల కాగితంలో దాన్ని తీసేయరు. వెలుతురు, గాలి తగిలితే అది పసుపుగా మారి ఆమ్లాలు విడుదల చేస్తుంది. పాత పేపర్ ముట్టుకుంటే విరిగిపోయేది అందుకే. కాబట్టి కాగితం ఆమ్లం లేనిదై ఉండాలి, లిగ్నిన్ లేనిది కూడా అయ్యుండాలి. తయారైన రోజు ఆమ్లం లేకపోయినా లిగ్నిన్ ఉంటే తర్వాత ఆమ్లం పుడుతుంది. ప్యాకెట్ మీద ఈ రెండు మాటలూ ఉన్నాయా అని చూడండి.

మూడో మాట బఫర్డ్. ఆ కాగితంలో కాల్షియం కార్బొనేట్ కలుపుతారు. గాలిలోంచో, పక్క కాగితంలోంచో ఆమ్లం వస్తే అది పీల్చుకుంటుంది. ఎక్కువకాలం నిలిచే కాగితానికి ఐఎస్ఓ 9706 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం పీహెచ్, అంటే ఆమ్ల, క్షార గుణాలను చెప్పే అంకె, 7.5 నుంచి 10 మధ్య ఉండాలి, కనీసం 2 శాతం కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన క్షారం ఉండాలి.

ఇక ఫోటో సేఫ్, ఆర్కైవల్ అనే మాటలు. ఈ మాటలు వేయాలంటే తప్పనిసరిగా పాటించాల్సిన కొలత ఏదీ లేదు. ఎవరైనా ప్యాకెట్ మీద వేసుకోవచ్చు. వాటికి బదులు ఫోటోగ్రాఫిక్ యాక్టివిటీ టెస్ట్ పాసైందని ఉందేమో వెతకండి. పీఏటీ అని కూడా వేస్తారు. దాని ప్రమాణం ఐఎస్ఓ 18916. కాగితాన్నో గమ్‌నో ఫోటో పొరకు ఆనించి, వేడిలో, తేమలో రోజుల తరబడి ఉంచి, మరక పడిందా, రంగు వెలిసిందా అని చూస్తారు. ఆ పరీక్ష నెగ్గిన వస్తువును నేను నమ్ముతాను.

ఇంట్లో ఉన్న కాగితం ఎలాంటిదో తెలియకపోతే పీహెచ్ పెన్ను దొరుకుతుంది. గీత గీస్తే ఆమ్లం లేని కాగితం మీద ఊదారంగు, ఉన్నదానిమీద పసుపు కనిపిస్తుంది. లిగ్నిన్ సంగతి మాత్రం అది చెప్పదు.

నలభై నలుపు తెలుపు ఫోటోలు, నెగెటివ్‌లు లేవు అన్నారు. అయితే కొనుగోలుకంటే ముందు అన్నిటినీ స్కాన్ చేయండి, 600 పీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున. ఎర్రబడ్డ కలర్ ఫోటోలను మరీ ముందుగా. ఆ కాలపు కలర్ ప్రింట్లలో నీలం ఛాయ ఇచ్చే రంగు పెట్టెలో చీకట్లో ఉన్నా వెలిసిపోతుంది. అందుకే ఎర్రగా కనిపిస్తాయి. అది ఆగదు. ఇవాళ ఉన్నంత రంగు వచ్చే ఏడాది ఉండదు.

కాగితపుపడవ
చీకట్లో కూడా వెలుస్తాయని నాకు తెలియదు. పెట్టెలో భద్రంగా ఉన్నాయనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఈ ఆదివారమే స్కానింగ్ మొదలుపెడతాను.

నీలిసిరా
పెన్ను గురించి నేను చెబుతాను. ఎక్కువమంది పట్టించుకోనిది అదే.

బాల్‌పాయింట్ వద్దు. దాని సిరా కొన్నేళ్లకు అంచుల్లో జిడ్డుగా పాకుతుంది, గట్టిగా నొక్కి రాస్తే వెనక పేజీ మీద గాట్లు పడతాయి. జెల్ పెన్నులు, స్కెచ్ పెన్నుల్లో చాలావాటిలో ఉండేది నీళ్లలో కరిగే రంగు. వెలుతురులో వెలిసిపోతుంది, చెమట చెయ్యి తగిలినా చెదిరిపోతుంది. మీకు కావలసింది పిగ్మెంట్ సిరా. అందులో రంగు సన్నటి పొడిగా ఉండి కాగితంలో కూర్చుంటుంది, ఆరాక నీళ్లు పడినా కదలదు. సకురా కంపెనీ పిగ్మా సిరాను తెచ్చింది 1982లో. ఇప్పుడు చాలా కంపెనీలు అలాంటి పెన్నులు చేస్తున్నాయి. పెన్ను మీద పిగ్మెంట్, వాటర్‌ప్రూఫ్, ఫేడ్ ప్రూఫ్ అనే మాటలు ఉండాలి.

పిగ్మా మైక్రాన్ పెన్ను మీద 05 అని ఉంటే గీత మందం 0.45 మిల్లీమీటర్లు, 01 అయితే 0.25. మామూలు చేతిరాతకు 05 సరిపోతుంది. ఫోటో కింద తేదీలు సన్నగా రాయడానికి 01 ఒకటి. రెండూ నల్లవే తీసుకోండి. అన్నిటికంటే నమ్మకంగా నిలిచేది నలుపే.

ఇంకో మాట. అక్షరాలు ప్రింట్ తీసి అతికించకండి, మీ చేత్తోనే రాయండి. రాత బాగుండదని చాలామంది వెనకాడతారు. మా అమ్మమ్మ తన వంకర అక్షరాలతో రాసిన నాలుగు లైన్లే మా ఇంట్లో ఇవాళ అందరం చూపించుకునేది.

కాగితపుపడవ
మా నాన్న అక్షరాలు చాలా గుండ్రంగా ఉండేవి. నా రాతకు అంత అందం లేదు. కానీ మీరు చెప్పాక చేత్తోనే రాయాలనిపిస్తోంది.

గమ్ సంగతి చెప్పండి. అక్కడే అందరూ తలో మాట చెబుతున్నారు.

రంగులరాట్నం
నేను ఎక్కువగా వాడేది టేప్ రన్నర్. చేతిలో పట్టుకుని లాగితే సన్నగా గమ్ పడుతుంది. కాగితం తడవదు కాబట్టి ముడతలు రావు. కాగితం మీద కాగితానికి దానిని మించింది లేదు. గమ్ స్టిక్ చవకే కానీ కొన్నాళ్లకు అంచులు లేస్తాయి. ద్రవంగా ఉండే తెల్ల గమ్ కొంచెం ఎక్కువ పడితే చాలు, పలచటి కాగితం అలలు అలలుగా అయిపోతుంది. కొంచెం ఎత్తుగా నిలవాలంటే ఫోమ్ ముక్కలు. కానీ పేజీకి రెండు మూడు మించితే ఆల్బమ్ మూతపడక ఉబ్బుతుంది.

సెల్లోటేప్ మాత్రం వద్దే వద్దు. దాని గమ్ పసుపుగా మారి కారుతుంది, తర్వాత ఎండి టేప్ ఊడిపోతుంది, మరక ఉండిపోతుంది.

పాతపెట్టె
రబ్బర్ సిమెంట్ కూడా వద్దు. అందులోని గంధకం నలుపు తెలుపు ఫోటోల్లోని వెండిని పాడు చేస్తుంది.

రంగులరాట్నం గారు కాగితం మీద కాగితానికి చెప్పినది సరైనదే. అసలు ఫోటోకు మాత్రం ఏ గమ్మూ వద్దంటాను. ఎంత మంచిదైనా సరే. ఫోటో కార్నర్లు వాడండి. ఫోటో నాలుగు మూలలు వాటిలోకి దూరుతాయి, గమ్ కార్నర్ వెనక మాత్రమే ఉంటుంది. ఎప్పుడైనా ఫోటోను బయటికి తీయవచ్చు, మళ్లీ పెట్టవచ్చు. కాగితంవీ, పారదర్శకంగా ఉండేవీ రెండు రకాలూ దొరుకుతాయి. పారదర్శకంవి పాలిప్రొపిలీన్‌వో పాలియెస్టర్‌వో అయితే మంచిది.

ఇప్పుడే ప్లాస్టిక్ కవర్ల మాట కూడా చెబుతాను. పాలిప్రొపిలీన్, పాలిథిలీన్, పాలియెస్టర్, ఈ మూడూ సురక్షితం. పీవీసీ వద్దు. అది కాలం గడిచేకొద్దీ హైడ్రోక్లోరిక్ ఆమ్లం విడుదల చేస్తుంది, దాన్ని మెత్తగా ఉంచేందుకు కలిపినవి జిడ్డుగా బయటికొచ్చి ఫోటోకు అంటుకుంటాయి. కొత్త కవరు తెరవగానే ఘాటైన ప్లాస్టిక్ వాసన వస్తే అనుమానించండి.

మౌనవీణ
ఎప్పుడూ చదివి వెళ్లిపోతాను, ఇది చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మా పెళ్లినాటి మామూలు ఫోటోలు, మా పెద్దమ్మాయి మొదటి ఏడాది ఫోటోలు పేజీ మీద గమ్ చారలుండి పైన ప్లాస్టిక్ తెర లేచే ఆల్బమ్‌లో పెట్టాం. అప్పట్లో అది సౌకర్యంగా ఉండేది, ఏదీ అతికించక్కర్లేదు, తెర లేపి పెట్టేయడమే. ఇరవై ఏళ్ల తర్వాత తీయబోతే రాలేదు. బలంగా లాగాను. ఒక ఫోటోలో మా అమ్మాయి ముఖం సగం తెరతోపాటు లేచొచ్చింది. దానికి ఇంకో కాపీ లేదు.

దయచేసి చవగ్గా వస్తోందని అలాంటి ఆల్బమ్ ఎవరూ కొనకండి. ఇంట్లో ఉంటే ఇవాళే తీసి చూడండి.

కాగితపుపడవ
మౌనవీణ గారూ, చదివి చాలా బాధపడ్డాను. నా పెట్టె అడుగున సరిగ్గా అలాంటి ఆల్బమే ఒకటి ఉంది. దానిలో పదహారు ఫోటోలు ఉన్నాయి. ఇప్పుడే ఒకటి మూలన మెల్లగా లేపి చూశాను, కదల్లేదు. వెంటనే ఆపేశాను. ఏం చేయాలి?

పాతపెట్టె
ఆపడం మంచిదైంది. ముందుగా ప్రతి పేజీని ఉన్నది ఉన్నట్టుగా ఫోటో తీయండి. తర్వాత ఏదైనా జరిగితే కనీసం అది ఉంటుంది.

పళ్ల మధ్య శుభ్రం చేసే దారం తెచ్చుకోండి, మైనం పూయనిది. ఫోటో ఒక మూల వెనకకు దారాన్ని దూర్చి, రెండు చేతులతో పట్టుకుని, రంపంలా ఇటూ అటూ మెల్లగా లాగుతూ కిందికి రండి. ఫోటోను వంచకండి, దారమే కదలాలి. గమ్ గట్టిగా ఉంటే జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో పెట్టి పేజీ వెనకవైపు నుంచి కొన్ని క్షణాలు మాత్రమే చూపించండి, ఫోటో ముఖం మీద కాదు. నీళ్లు గానీ గమ్ కరిగించే ద్రవాలు గానీ వాడకండి. ముందు అంతగా ముఖ్యం కాని ఫోటోతో మొదలుపెట్టండి.

అప్పటికీ రాకపోతే వదిలేయండి. ఫోటో చుట్టూ పేజీని కత్తిరించి, ఆ ముక్కతోసహా పాలియెస్టర్ కవరులో పెట్టండి. వెనక కాస్త అట్ట ఉండిపోయినా ముఖం చిరగకుండా ఉంటుంది.

చిన్నికత్తెర
కార్నర్లు, దారం అన్నీ సరే. కానీ ఒక పెద్ద ప్రశ్న మిగిలే ఉంది. అసలు ఫోటోలు స్క్రాప్‌బుక్‌లో పెట్టాలా? నా మటుకు నేను ఒక్కటి కూడా పెట్టను. స్కాన్ చేసి, ప్రింట్ తీయించి, ఆ ప్రింట్లే పెడతాను. అప్పుడు ధైర్యంగా కత్తిరించవచ్చు, ఏ గమ్మైనా వాడవచ్చు, పిల్లలు తిరగేసినా భయం లేదు. అసలువి కవర్లలో, పెట్టెలో, చీకట్లో ఉంటాయి.

రంగులరాట్నం
నా అభిప్రాయం వేరు. పాత ఫోటోకు ఒక బరువు ఉంటుంది, వంకీలు తిరిగిన తెల్ల అంచు, వెనక ఎవరో వేసిన తేదీ. ప్రింటులో అవేవీ రావు. కాగితపుపడవ గారు కూడా అమ్మ పట్టుకుని చూడాలన్నారు కదా. అన్నీ కాపీలే అయితే ఆమె చేతికి వచ్చేది కొత్త ఆల్బమ్, పాత జ్ఞాపకం కాదు.

పాతపెట్టె
ఇద్దరూ చెప్పినదానిలో నిజం ఉంది. నేనైతే ఇలా చేస్తాను: ఆల్బమ్ మొత్తానికి పది పన్నెండు అసలువి, కార్నర్లతో. మిగతావన్నీ కాపీలు. ఎర్రబడిన కలర్‌వి ఎలాగూ కాపీలే పెట్టండి, స్కాన్‌లో రంగు సరిచేసి తీయించినవి అసలుకంటే బాగుంటాయి. అసలువాటిని మాత్రం కత్తిరించకండి. మూలలు గుండ్రంగా చేయడం కూడా వద్దు. వెనకనున్న సైకిలో గోడో అనవసరం అనిపించి కత్తిరిస్తారు, ఆ ఫోటో ఏ ఏడాదిదో తేల్చేది ఒక్కోసారి ఆ సైకిలే.

తీసిన వెంటనే బయటికొచ్చే ఇన్‌స్టంట్ ఫోటోలు ఉంటే వాటిని ఎట్టి పరిస్థితిలోనూ కత్తిరించకూడదు. లోపల రసాయనాల పొరలు ఉంటాయి.

కాగితపుపడవ
అమ్మను అడిగాను, విషయం చెప్పకుండా. నాన్న ఫోటోల్లో నీకు బాగా ఇష్టమైనవి ఏవి అని. తొమ్మిది ఎంచి చూపించింది. ఆ తొమ్మిదీ అసలువి పెడతాను.

ఇక కట్టర్, కత్తెర గురించి కూడా చెబుతారా? టికెట్లు, పేపర్ కటింగ్ సంగతి కూడా.

చిన్నికత్తెర
బ్లేడు జారే చిన్న కట్టర్ ఒకటి, 12 అంగుళాలు పట్టేది. చిన్న మొన ఉన్న కత్తెర ఒకటి. వంకీల కత్తెరలు ఒక్క ఆల్బమ్‌కే మొహం మొత్తుతాయి. కట్టర్ కొనలేకపోతే క్రాఫ్ట్ కత్తి, ఇనప స్కేలు, కింద కటింగ్ మ్యాట్ చాలు. ప్లాస్టిక్ స్కేలు వాడకండి, కత్తి దాని అంచునే కోసేస్తుంది. బ్లేడు మొద్దుబారితే కాగితం అంచు పీచులా లేస్తుంది, అప్పుడు చెయ్యి బాగాలేదనుకుంటారు. బ్లేడు మార్చి చూడండి ముందు.

అలంకారం కావాలంటే ఫోటో కింద మరో రంగు కార్డ్‌స్టాక్ పెట్టి అంచు కనిపించేలా చేయండి. 4×6 ఫోటోకు నాలుగుంపావు, ఆరుంపావు అంగుళాల ముక్క కోస్తే చుట్టూ అంగుళంలో ఎనిమిదో వంతు అంచు వస్తుంది. ఆ సన్నటి అంచు వల్ల ఫోటో ఎంత నిలబడుతుందో చేసి చూస్తే గానీ తెలియదు.

రంగులరాట్నం
కార్డ్‌స్టాక్ కొనేటప్పుడు 200 జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) దగ్గర్లో ఉండేది తీసుకోండి, 176 అయినా ఫర్వాలేదు. పూల ప్రింట్ల పేపర్ పలచగా ఉంటుంది, పేజీకి ఆధారంగా నిలవదు, పైన అతికించడానికే. రంగులు నాలుగు చాలు. తెలుపు లేదా మీగడరంగు ఎక్కువగా, నలుపు కొంచెం, నాన్నగారికి ఇష్టమైన రంగులు రెండు. నలుపు తెలుపు ఫోటోల కింద ముదురు ఎర్ర కాగితం వద్దు. తేమ తగిలితే రంగు దిగుతుంది, చూపు కూడా ఫోటో మీద నిలవదు.

పాతపెట్టె
పేపర్ కటింగ్‌ను స్కాన్ చేసి మంచి కాగితం మీద ప్రింట్ తీసి పెట్టండి. అసలుది విడిగా కవరులో ఉంచండి, ఫోటోల పక్కన వద్దు. నున్నటి తెల్ల కాగితం మీద బూడిదరంగులో అచ్చయిన టికెట్లూ రసీదులూ వేడితో అచ్చయినవి, వాటంతట అవే మాసిపోతాయి. వాటికీ కాపీలే. పాత రైళ్ల చిన్న అట్ట టికెట్లు అయితే అచ్చు నిలుస్తుంది, చిన్న కవరులో పెట్టవచ్చు.

ఉత్తరాలకు పిన్నులు, క్లిప్పులు ఉంటే తీసేయండి, తుప్పు మరక పోదు. ఉత్తరాలను లామినేషన్ చేయించకండి. వేడితో అతికేది ఇక ఊడదు.

నీలిసిరా
అతికించే గొడవ ఈనాటిది కాదు. అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్ 1873లో దీనికే పేటెంట్ తీసుకున్నాడు. పేజీల మీద ముందే గమ్ పూసి ఉండే స్క్రాప్‌బుక్ అది, తడిపి అతికించుకోవడమే. కత్తిరించిన కాగితాలు దాచుకునే అలవాటున్న మనిషి కాబట్టి గిన్నె, కుంచె, చేతులకు అంటే జిగురుతో విసిగిపోయి ఉంటాడని నేను అనుకుంటాను.

కాగితపుపడవ
ఇదంతా ఒక కాగితం మీద రాసుకున్నాను, చూసి చెప్పండి. ఉత్తరాల కోసం 12×12 ఆల్బమ్, పోస్టులతో, అంటే మరల్లాంటి చిన్న కడ్డీలతో బిగించేది. పాలిప్రొపిలీన్ కవర్లు ఇరవై. లిగ్నిన్ లేని కార్డ్‌స్టాక్, మీగడరంగు, నలుపు, ఆకుపచ్చ, లేత నీలం. ఫోటో కార్నర్లు ఒక ప్యాకెట్. టేప్ రన్నర్ ఒకటి. నల్ల పిగ్మెంట్ పెన్నులు రెండు. కట్టర్, చిన్న కత్తెర. ఉత్తరాలకు, మిగిలిన అసలు ఫోటోలకు పాలియెస్టర్ కవర్లు. స్టిక్కర్లు లేవు. ఇంతేనా?

పాతపెట్టె
ఇంతేనండి. మెత్తటి పెన్సిల్ ఒకటి చేర్చండి, పేజీ మీద ముందు గుర్తులు పెట్టుకోవడానికి. పూర్తయిన ఆల్బమ్‌ను అటక మీద, తడి గోడ పక్కన పెట్టకండి. బట్టల బీరువా మధ్య అర మేలు.

చిన్నికత్తెర
కవర్లు ఇరవై అన్నారు, ముందు పది కొనండి. ఒక పేజీ పూర్తిగా చేసి చూశాక ఇంకేం కావాలో మీకే తెలుస్తుంది. ఒకేసారి అన్నీ కొంటే సామాను చూసుకుంటూ కూర్చుంటాం, పేజీ మొదలవదు.

కాగితపుపడవ
మూడు వారాల తర్వాత వస్తున్నాను. స్కానింగ్ అయిపోయింది. ఆ పాత ఆల్బమ్‌లోని పదహారింటిలో పద్నాలుగు దారంతో వచ్చాయి. ఒక్కోదానికి పావుగంట పట్టింది. రెండు రాలేదు, మీరు చెప్పినట్టు చుట్టూ కత్తిరించి కవరులో పెట్టాను.

ఒక విషయం చెప్పాలని వచ్చాను. అమ్మ ఎంచిన తొమ్మిదిలో ఒకటి ఈ ఆల్బమ్‌లోదే. నాన్న సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్న ఫోటో. దారం చివరికంటా వచ్చాక తిప్పి చూస్తే వెనక ఆయన గుండ్రటి అక్షరాలు, సిరాతో. "కొత్త సైకిల్. ఇంకా తొక్కడం రాదు." కింద తేదీ. ఇన్నేళ్లూ అది గమ్ చారల మీద ఉంది, ఇంట్లో ఎవరికీ తెలియదు. అమ్మకు కూడా తెలిసి ఉండదు.

ఇది ఫోటో రెండు వైపులా కనిపించేలా పెట్టాలి. కార్నర్లలో పెడితే ప్రతిసారీ తీయాలి కదా, మూలలు నలుగుతాయేమో. ఏం చేయను?

మౌనవీణ
చదివి కళ్లు చెమర్చాయి. ఆ ఫోటో మీకు దక్కింది.

పాతపెట్టె
పారదర్శకమైన పాలియెస్టర్ కవరులో పెట్టండి, ఫోటో కంటే ఒక వైపు అర అంగుళం పెద్దది. ఆ అదనపు అంచును మాత్రమే పేజీకి అతికించండి, పుస్తకం పేజీలా తిరుగుతుంది. గమ్ కవరుకే తగులుతుంది, ఫోటోకు తగలదు. ఆ పేజీకి పైన ప్లాస్టిక్ కవరు వేయకండి, తిప్పడానికి వీలుండదు. ఎదురు పేజీకి మాత్రం వేయండి.

నీలిసిరా
ఆ పేజీ మీద మీరేమీ ఎక్కువ రాయకండి. 01 పెన్నుతో ఒక మూల మీ పేరు, ఇవాళ్టి తేదీ చాలు.

కాగితపుపడవ
అలాగే చేశాను. మీగడరంగు పేజీ, కింద ఆకుపచ్చ అంచు, ఇంకేమీ లేదు. కవరు కుడివైపు నుంచి తిరుగుతుంది. ఆదివారం అమ్మకు చూపిస్తున్నాను, ఆ ఒక్క పేజీనే. మిగతావి ఆమె పక్కన కూర్చుంటే ఇద్దరం కలిసి చేస్తాం. ఫోటోల్లో ఎవరెవరు ఉన్నారో ఆమెకే తెలుసు. ఇంకో పెన్ను ఆర్డర్ పెట్టాను, అమ్మకు.